పోస్టరులో లేని చక్రం

టకొరాడీ రేవు పట్నం మార్కెట్ సర్కిల్‌లో ఎబో ఆర్థర్ గారి వాయిద్యాల కొట్టుకి దారి అడిగితే ఎవరూ కొట్టు పేరు ఎత్తరు. "అరబా అక్క వాయిస్తుంటుంది చూడు, అక్కడే" అంటారు. టమాటా బుట్టల వరస దాటి, పాత బట్టలు కుప్పలు పోసే మలుపు తిరిగితే చాలు, మిగతా దారి చెవులే చూపిస్తాయి.

అరబా క్వైనూ ఆ కొట్టులో చేరి ఇరవై రెండేళ్లయింది. ఆవిడ పని అమ్మడం కాదు, వాయించడం. గిరాకీ లోపలికొచ్చి, కీబోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని అనుమానంగా నిలబడగానే, మీది ఏ చర్చి అని అడుగుతుంది. మెథడిస్టులైతే నెమ్మదైన కీర్తన ఒకటి, పెంతెకొస్తు వాళ్లయితే చప్పట్లు కొట్టించేది ఒకటి. గిరాకీ పాదం నేలమీద తాళం వెయ్యడం మొదలుపెట్టిందా, ఆవిడ పని అయిపోయినట్టే. ఆ తర్వాత బేరం సంగతి ఎబో ఆర్థర్ చూసుకుంటాడు.

ఆమె పుట్టింది అక్కడికి కొంచెం దూరంలో, ప్రా నది సముద్రంలో కలిసే చోట ఉన్న షామా అనే ఊళ్లో. తండ్రి మెథడిస్టు చర్చికి ఉపదేశి. కాళ్లతో తొక్కే పెద్ద హార్మోనియం ఒకటి చర్చిలో ఉండేది. ఆయన కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి దాని మీద నేర్పించాడు. కూతురికి దాన్ని తుడిచే పని ఇచ్చాడు. శనివారం పొద్దున ఒక కాలితో తొక్కుతూ, గుడ్డతో ఒక్కొక్క మెట్టే తుడుస్తూ, తుడిచిన ప్రతి మెట్టూ ఏమంటుందో వింటూ ఆమె నేర్చుకుంది. పదమూడో ఏట ఒక గుడ్ ఫ్రైడే నాడు అన్నలు చేపల వేటకెళ్లిన పడవ సమయానికి ఒడ్డు చేరలేదు. తండ్రి వేళ్లు అప్పటికే కీళ్లవాతంతో వాచి ఉన్నాయి. పాస్టరు కీర్తన సంఖ్య చెప్పేశాడు. ఎవరూ లేవలేదు. అరబా లేచి వెళ్లి పీట మీద కూర్చుంది. ఆరాధన అయ్యాక తండ్రి మంచీ అనలేదు, చెడూ అనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం, ఎప్పుడూ తను తినే చేప తలకాయ తీసి కూతురి పళ్లెంలో వేశాడు.

కుట్టుపని నేర్చుకుంది. పెళ్లి చేసుకుని టకొరాడీ వచ్చింది. కొన్నాళ్లు జాకెట్లు కుట్టింది. ఒకరోజు దారాల కోసం బజారుకొచ్చి, ఎబో ఆర్థర్ కొట్టు ముందు ఆగి, అమ్ముడుపోక దుమ్ముపట్టిన కీబోర్డు మీద ఒక కీర్తన వాయించింది. చుట్టూ జనం మూగారు. ఆ సాయంత్రం ఎబో ఆర్థర్ ఆమె ఇంటికే వచ్చి, కుట్టుమిషను అమ్మెయ్యమని చెప్పి, ఉద్యోగం ఇచ్చి వెళ్లాడు. ఆయన ఆమెకి తల్లి వైపు దూరపు చుట్టం. అప్పటినుంచీ మామా అనే పిలుస్తుంది.

ఆదివారాలు మాత్రం షామా చర్చిలో వాయించడానికి ట్రోట్రో బండెక్కి వెళ్తూనే ఉంది. అక్కడే ఆమెకి ఎన్నాళ్లనుంచో తీరని ఇబ్బంది ఒకటి ఉండేది. దాని పేరు ఎకువా అవ్వ.

ఎకువా అవ్వకి చదువు రాదు, పుస్తకంలో కీర్తనలతో పని లేదు. పాస్టరు ప్రసంగం మంచి పట్టులో ఉన్నప్పుడు ఏదో ఒక మాట ఆవిడ గుండెకి తగులుతుంది. అంతే, కూర్చున్న చోటినుంచే తమ ఇంటి భాష ఫాంటేలో పాట ఎత్తుకుంటుంది. పాస్టరు ఆగాల్సిందే. తక్కిన ఆడవాళ్లంతా వెంటనే అందుకుంటారు. ఆ పాటలకి కాగితం లేదు, ముందుగా కుదుర్చుకున్న శ్రుతి లేదు. అవ్వ గొంతు ఆ పూట ఎక్కడ లేస్తే అదే శ్రుతి. అది ఎప్పుడూ, ఇప్పుడు చర్చిలో ఉన్న కీబోర్డు మీద తెల్ల మెట్టుకీ నల్ల మెట్టుకీ నడుమ ఏ సందులోనో పడేది. కలిపి వాయిస్తే పళ్లు జివ్వుమనేవి. కాబట్టి అరబా చేతులు ఒళ్లో పెట్టుకుని పాట అయ్యేదాకా కూర్చునేది. బయటికొచ్చాక అవ్వ వదిలేది కాదు. "ఏమే పిల్లా, నీ పెట్టెకి ఫాంటే రాదా? దొరసాని ఎదురొచ్చినట్టు నోరు మూసుకుంటుందేం?" అని అందరి ముందూ దెప్పేది. అరబా నవ్వేసేది గానీ ట్రోట్రోలో తిరిగొస్తున్నంతసేపూ ఆ మాట ముల్లులా గుచ్చుకునేది.

అలాంటి రోజుల్లో టాల్వెన్ కంపెనీ వాళ్ల కొత్త కీబోర్డు వచ్చింది. పేరు ఆర్బిట్ నైన్. విదేశాల్లో తయారై తేమా రేవులో దిగి, అక్కడినుంచి లారీలో నలభై పెట్టెలు ఎబో ఆర్థర్ గోదాముకి చేరాయి. వాటికంటే ముందే పోస్టర్లు వచ్చాయి. సర్కిల్ చుట్టూ ప్రతి స్తంభానికీ కట్టారు. నీలిరంగు దీపాల గదిలో ఒక తెల్ల కుర్రవాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒంటరిగా కీబోర్డు ముందు కూర్చున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో 'నీ గది, నీ ప్రపంచం' అని ఉంది.

బజారు ఆడవాళ్లకి ఆ పోస్టరు మంచి కాలక్షేపమైంది. అద్దె అడగడానికి ఇంటి యజమాని వచ్చి ఉంటాడు, వినపడనట్టు చెవులు మూసుకున్నాడంది టమాటాలమ్మే ఆమె. పాపం, చుట్టాలూ పక్కాలూ ఎవరూ లేరు కాబోలు, తనే వాయించుకుని తనే వింటున్నాడంది పక్కనామె. అరబా కూడా నవ్వింది. ఆ ఊళ్లో కీబోర్డు కొనేది చర్చికి, లేకపోతే శనివారం అంత్యక్రియల్లో వాయించడానికి, లేకపోతే బడిలో. ఒక్కడి కోసం వాయించే వాద్యాన్ని ఎవరు కొంటారు?

పెట్టె తెరిచి నమూనాని బల్లమీద పెట్టాక ఆమెకి నవ్వు ఆగిపోయింది. ఎడమ పక్కన బొటనవేలికి అందేలా ఒక చిన్న చక్రం ఉంది. పాత కీబోర్డుల్లోనూ అలాంటిది ఉండేది, తిప్పితే స్వరం కాస్త పైకో కిందికో జారేది, వేలు తియ్యగానే వెనక్కి పోయేది. ఇది పోలేదు. ఎక్కడ ఆపితే అక్కడే నిలబడింది. వాయిస్తూ వాయిస్తూనే మొత్తం శ్రుతిని వెంట్రుకవాసి పైకి, వెంట్రుకవాసి కిందికి జరుపుకోవచ్చు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు ఉండిపోయింది. అంతలో కరెంటు పోయింది. పంకా ఆగింది, పక్క కొట్టులో రేడియో ఆగింది, కీబోర్డు మాత్రం ఆగలేదు. లోపల బ్యాటరీ ఉంది. ఆరు గంటలు పనిచేస్తుందని వెనక వైపు ఎక్కడో చీమ అక్షరాల్లో రాసి ఉంది. పోస్టరులో చక్రం మాట లేదు, బ్యాటరీ మాటా లేదు.

వారం తర్వాత రేవు దగ్గరి హోటల్లో కంపెనీ పెద్ద సభ పెట్టింది. దాన్ని నడిపించడానికి రాజధాని అక్రా నుంచి డెలాలి అగ్బెకో అనే యువకుడు వచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మెడకి బిగించిన టై, చేతిలో కాగితాల కట్ట. అరబాకి మూడు నిమిషాలు కేటాయించామని చెప్పాడు. వాయించనక్కర్లేదు, మీట నొక్కి నవ్వుతూ నిలబడితే మిగతాది యంత్రమే వాయించుకుంటుందట. ఆమె చక్రం గురించి చెప్పబోతే, అది తన దగ్గరున్న కాగితాల్లో లేదని, ఒక్క మాట కూడా మార్చడానికి తనకి అధికారం లేదని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో గర్వం లేదు, అలసట ఉంది.

సభకి చుట్టుపక్కల చర్చిల గాయక బృందాల పెద్దలు, బడుల సంగీతం మాస్టర్లు, అంత్యక్రియల బ్యాండు వాళ్లు వచ్చారు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలతో, మోకాళ్లమీద చేతులు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. కిటికీలు లేని హాలు. ముందు పొగ వదిలారు. పొగలోంచి ఇద్దరు పిల్లలు వచ్చి గంతులేశారు. తెర మీద ఆ పోస్టరు కుర్రవాడే కనిపించాడు. డెలాలి ఎనిమిదివందల పన్నెండు రకాల శబ్దాలంటూ చదువుకుంటూ పోయాడు. సెకొండీ నుంచి వచ్చిన ముసలి మాస్టరు ఒకాయన చెయ్యెత్తి, కరెంటు పోతే ఏమిటి పరిస్థితని అడిగాడు. ప్రశ్నలు చివర్లో అన్నాడు డెలాలి.

దేవుడు అడిగించినట్టు, ఇంకో ఐదు నిమిషాలకి నిజంగానే కరెంటు పోయింది. తెర ఆరింది, మైకు చచ్చింది, హాలంతా చీకటి. జనరేటరు నడిపేవాడు కెంకే ముద్ద తినడానికి వెళ్లాడట, వాణ్ని వెతకడానికి మనిషి పరుగెత్తాడు. ఆ చీకట్లో ఒక్క కీబోర్డు మీదే చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉంది. దాని ముందు అరబా ఉంది. చెయ్యి చాపి వాయిస్తే చాలు. కానీ తన మూడు నిమిషాలు ఇంకా రాలేదు. కార్యక్రమం కాగితంలో ఆమె పేరు తొమ్మిదో వరసలో ఉంది. ఆ డెలాలి పిల్లవాడి ఉద్యోగానికి తన వల్ల మాట వస్తుందేమోనని ఒక భయం, ఇంతమంది మాస్టర్ల ముందు ఎవరూ పిలవకుండా లేవడమా అని ఇంకో బిడియం. పది నిమిషాలు ఆమె చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. ఎవరో చీకట్లోంచి, "ఆ హెడ్‌ఫోను బాబుకి కరెంటు పోయిన సంగతి తెలుసో లేదో" అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. దీపాలు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. మిగిలినవాళ్లు మాంసం కజ్జికాయల్లాంటి మీట్ పైలు తిని, కూల్‌డ్రింకులు తాగి, డెలాలికి చెయ్యిచ్చి వెళ్లిపోయారు. ఒక్కరూ కొంటామనలేదు.

మూడు వారాలు గడిచాయి. నలభై పెట్టెలూ గోదాములో కప్పుదాకా పేర్చి ఉన్నాయి. నెలాఖరుకి లారీ పంపి వెనక్కి తీసుకెళ్తామని కంపెనీ కబురుచేసింది. దేశం మొత్తంమీద ఇదే వరసట. ఎబో ఆర్థర్ మాట్లాడటం తగ్గించేశాడు. అరబా ఇక ఉండబట్టలేక, ఒక పొద్దున కొట్టు తెరుస్తూనే ఆ పది నిమిషాల సంగతి ఆయనకి చెప్పేసింది. బ్యాటరీ ఉందని తనకి ముందే తెలుసనీ, అయినా వాయించలేదనీ చెప్పింది.

ఆయన తాళాల గుత్తి బల్ల మీద పడేశాడు.

"పదమూడేళ్లప్పుడు ఎవరు పిలిచారని లేచావే నువ్వు?" అన్నాడు.

ఆమె కీబోర్డు మీద కప్పిన గుడ్డ తియ్యబోయింది.

"మీ నాన్న ఆ కథ నాకు వందసార్లు చెప్పాడు. ఒక్కసారి కూడా పాస్టరు పిలిచాడని చెప్పలేదు."

"అప్పుడు చిన్నపిల్లని మామా. భయం తెలీదు."

"మరిప్పుడు పెద్దదానివయ్యావు కదా, సిగ్గు తెలియాలి. తీసుకుపో దాన్ని. కొట్టు సంగతి నే చూసుకుంటా. లారీ వచ్చేలోగా నీ ఇష్టం వచ్చిన చోటికల్లా మోసుకుపో. పొగలూ వద్దు, గంతులూ వద్దు. వాయించు."

ఆ ఆదివారం ఆర్బిట్ నైన్ ట్రోట్రో నెత్తిన, ఉల్లిపాయల బస్తాకీ రెండు కోళ్ల గంపలకీ మధ్య కట్టించుకుని షామా వెళ్లింది. పాస్టరు ప్రసంగం తప్పిపోయిన గొర్రె దగ్గరికి వచ్చింది. అరబా చూపంతా నాలుగో వరస మీదే ఉంది. ఎకువా అవ్వ కళ్లు మూసుకుంది, తల ఊపింది, ఎత్తుకుంది. అరబా ఒక మెట్టు మెల్లిగా నొక్కి పట్టి, బొటనవేలితో చక్రం తిప్పింది. స్వరం అవ్వ గొంతు వైపు జరిగింది, కాస్త దాటిపోయింది, వెనక్కి వచ్చి సరిగ్గా ఆనుకుంది. ఆడవాళ్లు అందుకునేసరికి కీబోర్డు వాళ్ల కింద చాప పరిచినట్టు పరుచుకుంది.

అవ్వ కళ్లు తెరిచింది. పాట ఆపలేదు గానీ అనుమానం తీరలేదు. రెండో చరణంలో కావాలనే గొంతు కొంచెం పైకి లేపింది. చక్రం తిరిగింది, కీబోర్డు వెంట వెళ్లింది. మూడో చరణానికి కిందికి దింపింది. అదీ దిగింది. అవ్వ పెదాల చివర నవ్వు మొలిచింది. మామూలుగా మూడు చరణాల్లో ముగిసే పాట ఆ రోజు పదకొండు చరణాలు నడిచింది. గొర్రె దొరికిన సంగతి పాస్టరు తర్వాతి వారం చెప్పుకున్నాడు.

బయట ఇసకలో అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ బొటనవేలు తిప్పి తిప్పి చూసింది.

"ఇన్నేళ్లూ ఏం చేశావే దీన్ని?" అంది.

"ఇదెప్పుడూ ఉంది అవ్వా, ఇలాంటి పెట్టే ఇంతకుముందు లేదు."

"ఉంటే ఇంకో ఇరవై పాటలు పాడేదాన్ని," అంది అవ్వ. దెప్పుతున్నట్టు అనలేదు, లెక్క చెప్పినట్టు అంది. చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు.

ఆ తర్వాత అరబా ఆగలేదు. శనివారం దగ్గర్లోని ఇన్చబాన్‌లో ఒక పెద్దాయన అంత్యక్రియలకి వెళ్లింది. మధ్యాహ్నం ఎండలో, సంతాపానికి నలుపూ ఎరుపూ బట్టలు కట్టుకున్న మూడువందల మంది ముందు కరెంటు పోయి బ్యాండు పెట్టెలన్నీ మూగబోతే, ఎవరి పిలుపూ లేకుండా లేచి వెళ్లి వాయించింది. సెకొండీ ముసలి మాస్టరు బడికి వెళ్లి, ఆయనని చివర్లో అడగమన్న ప్రశ్నకి జవాబు చెప్పి వచ్చింది. ఆయన పెట్టెని బోర్లా తిప్పి, చీమ అక్షరాలు కళ్లద్దాలతో చదివి, ఇది సభలో ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు. భయపడ్డాను మాస్టారూ అంది ఆమె. ఆయన నవ్వి, రెండు పెట్టెలు పక్కన పెట్టించమన్నాడు.

లారీతో డెలాలి కూడా వచ్చాడు, నెల చివరి శనివారం. గోదాములో పెట్టెలు సగానికి తగ్గి ఉండటం చూసి తప్పు చోటికి వచ్చానేమోనని బోర్డు మళ్లీ చదువుకున్నాడు. పొద్దున్నుంచీ కొట్టులో జనం ఉన్నారు. అందరూ ఒకటే అడుగుతున్నారు, పాట వెంట నడిచే పెట్టె ఉందటగా అని. ఎవరికీ ఆర్బిట్ అనే పేరు తెలియదు.

లారీని ఒక్క రోజు ఆపి, రేపు చర్చికి రమ్మని అరబా అతన్ని అడిగింది. వచ్చాడు. టై లేకుండా వచ్చాడు. వెనక వరసలో కూర్చుని, అవ్వ పాట ఎత్తుకోవడం, చక్రం తిరగడం చూశాడు. ఆరాధన అయ్యాక కొబ్బరి చెట్టు నీడన ఆమె దగ్గరికి వచ్చాడు.

"మా ఊరు కేటా, ఆంటీ. మా అమ్మ కూడా చర్చిలో ఇలాగే మధ్యలో ఎత్తుకుంటుంది," అన్నాడు. "ఆ పోస్టరు మొదటిసారి చూసినప్పుడే అనుకున్నా, మా అమ్మ దీన్ని చూస్తే నవ్వుతుందని. పైకి చెప్పలేకపోయా."

"నేనూ నోరు విప్పలేదుగా బాబూ, ఆ రోజు చీకట్లో."

"మీరు తర్వాత విప్పారు," అన్నాడు అతను.

సోమవారం పొద్దున అతను లారీని ఖాళీగానే వెనక్కి పంపి, అక్రా ఆఫీసుకి తనే ఫోను చేసి సంజాయిషీ చెప్పుకున్నాడు, చూసినదంతా నివేదిక రాసి పంపాడు. పోస్టర్లు మార్చడానికి మాత్రం పైవాళ్లు ఒప్పుకోలేదు. ఏడాది తిరక్కుండానే ఆర్బిట్ నైన్ తయారీ ఆపేశారు. మిగతా దేశంలో దాన్ని కొన్నవాళ్లు బహు తక్కువ. టకొరాడీ నుంచి షామా దాకా ఉన్న చర్చిల్లో మాత్రం ఇప్పటికీ అదే మోగుతుంది. ఎబో ఆర్థర్ చివరి పెట్టె అమ్మిన రోజున, ఇంకా నలభై అడగాల్సిందని విసుక్కున్నాడు.

డెలాలి పంపిన నివేదిక ఎవరి బల్ల మీద ఎంతకాలం పడి ఉందో తెలియదు గానీ, మరుసటి ఏడు వర్షాకాలంలో విదేశంలోని టాల్వెన్ తయారీ శాఖ నుంచి అరబాకి ఉత్తరం వచ్చింది. కొత్త కీబోర్డు ఒకటి చేస్తున్నాం, పాడేవాళ్లతో వాయించేటప్పుడు ఇంకేం కావాలి అని నాలుగు ప్రశ్నలు అడిగారు. ఆమె మూడు కాగితాలు నింపి జవాబు రాసింది. చక్రం ఇంకాస్త పెద్దది కావాలనీ, చెమట వేలికి జారుతోందనీ రాసింది. బ్యాటరీ సంగతి ముందు వైపు పెద్ద అక్షరాల్లో రాయమంది. కుర్రవాడి బొమ్మ తీసేసి ఎకువా అవ్వ బొమ్మ వెయ్యమంది. మొదటి రెండూ చేస్తున్నామని మళ్లీ ఉత్తరం వచ్చింది. మూడోది ఆలోచిస్తామన్నారు. ఆ మాట విని అవ్వ, తన మంచి బట్టలు ఉతికించి సిద్ధంగా పెట్టుకుంది.

పెట్టెలు ఎక్కువయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. వాయించేవాళ్లు తక్కువపడ్డారు. చర్చిల వాళ్లు ఆమెనే రమ్మని పీకుతుంటే, బుధవారం మధ్యాహ్నాలు కొట్టు వెనక గదిలో ఆడవాళ్లకి పాఠం మొదలుపెట్టింది. తొలి బుధవారం నలుగురొచ్చారు. అబోవాడ్జేలో చేపలకి పొగపెట్టి అమ్మే ఎఫ్వా తావియా వాళ్లలో ఒకతె. పొయ్యి సెగకి వేళ్లు మొద్దుబారాయని, తనకి రాదని మొదటి రోజే ఏడుపు ముఖం పెట్టింది. అరబా ఆ వేళ్లని తన వేళ్ల కింద పెట్టుకుని నెలల తరబడి నడిపించింది.

మొన్న పంట పండుగ ఆదివారం, అబోవాడ్జే చర్చిలో ఎఫ్వా తావియా మొదటిసారి ఒంటరిగా వాయించింది. అరబా ఆడవాళ్ల వరసలో, మధ్యలో నిలబడింది. ఎఫ్వా మొదటి పాదంలో ఒక మెట్టు తప్పింది, ఆగకుండా సర్దుకుంది. అందరూ అందుకున్నారు. అప్పుడు తట్టింది అరబాకి, పదమూడో ఏటినుంచీ చర్చిలో తను ఏనాడూ నోరు తెరిచి పాడలేదని. చేతులకెప్పుడూ పని ఉండేది. ఇప్పుడు వాటికి పనేమీ లేదు. పక్కనామె భుజం తన భుజానికి తగులుతుంటే, కాస్త బొంగురుగా, తనకే కొత్తగా ఉన్న గొంతుతో ఆమె రెండో పాదం నుంచి అందుకుంది.